వాల్తేరులో మూడేళ్లు.. రామానుజన్ ఊహనే తప్పని చూపించిన సర్వదమన్ చావ్లా! ప్రధాన సంఖ్యల ముగ్గు వెనక ఇంత కథ ఉందా?

పల్నాడు జిల్లా క్రోసూరులో సంక్రాంతి నెల వచ్చిందంటే వాకిళ్ల ముందు చుక్కల ముగ్గులు పడతాయి. ముందు చుక్కలు పెట్టాలి, తర్వాత గీతలు కలపాలి. అది అందరికీ తెలిసిందే. ఇప్పుడు చెప్పబోయే ముగ్గులో మాత్రం గీతలు మనం గీయక్కర్లేదు. అంకెలు వరసగా రాసుకుంటూ పోతే చాలు, గీతలు వాటంతటవే కనిపిస్తాయి.

గళ్ల నోట్‌బుక్ ఉంటే తీసుకోండి. పేజీ మధ్య గడిలో 1 వేయండి. దాని కుడిపక్క 2. 2 పైన 3. అక్కణ్నుంచి ఎడమకు 4, 5. తర్వాత కిందికి 6, 7. మళ్లీ కుడికి 8, 9, 10. ఇలా నత్త గుల్లలా చుట్టుకుంటూ పోవాలి. 25 దాకా రాస్తే ఇలా ఉంటుంది:

17 16 15 14 13
18 5 4 3 12
19 6 1 2 11
20 7 8 9 10
21 22 23 24 25

ఇప్పుడు ప్రధాన సంఖ్యలకు మాత్రమే రంగు వేయండి. ప్రధాన సంఖ్య అంటే గుర్తుంది కదా.. 1తోనూ, తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా భాగం పోనిది. 2, 3, 5, 7, 11, 13.. అలా. ఐదు గళ్ల చదరంలోనే చూడండి, 19, 7, 23 ఒకే ఏటవాలు గీత మీద ఉన్నాయి. 17, 5 ఒక గీత మీద, 13, 3 ఇంకో గీత మీద పడ్డాయి. పేజీ నిండా రాస్తే ఈ ఏటవాలు గీతలు ఇంకా తేటగా కనిపిస్తాయి. ఏ క్రమమూ లేకుండా వస్తాయనుకున్న సంఖ్యలు ఇలా బారులు తీరడమే అసలు వింత.

ఈ ముగ్గును 1963లో స్టానిస్లావ్ ఉలామ్ అనే శాస్త్రవేత్త వేశాడు. పోలండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, హైడ్రోజన్ బాంబు తయారీలో పెద్ద పేరు. ఓ సభలో ప్రసంగం సాగుతూ ఉంటే విసుగొచ్చి కాగితం మీద అంకెలు రాయడం మొదలుపెట్టాడు. తర్వాత లాస్ అలమోస్‌లో మానియాక్ టూ అనే కంప్యూటర్ మీద ఇద్దరు సహచరులతో కలిసి 65 వేల దాకా సంఖ్యలతో బొమ్మ గీయించాడు. 1964 మార్చిలో అది సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ముఖచిత్రమైంది. అప్పటి నుంచి దాని పేరు ఉలామ్ స్పైరల్.

అయితే ఈ కథ ఉలామ్‌ది కాదు. ఆ గీతల మీద కూర్చున్న సంఖ్యలతో అంతకు ముప్పై ఏళ్ల ముందే కుస్తీ పట్టిన ఓ పంజాబీ ప్రొఫెసర్‌ది. ఆయన ఆ కుస్తీ పట్టింది ఎక్కడో కాదు, మన వాల్తేరులో.

ఇంతకీ ఎవరీ చావ్లా?

సర్వదమన్ చావ్లా. ఇంటిపేరు కల్పనా చావ్లాదే, ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు మాత్రం ఈయనది ఓ అక్షరం తేడా. పుట్టింది లండన్‌లో, 1907 అక్టోబర్ 22న. తండ్రి గోపాల్ చావ్లా కూడా గణితం మాస్టారే, లాహోర్ గవర్నమెంట్ కాలేజీలో. ఆయన పై చదువుకు ఇంగ్లండ్ వెళ్లిన రోజుల్లో కొడుకు అక్కడ పుట్టాడు. సర్వదమన్ 1928లో లాహోర్‌లో ఎంఏ పూర్తి చేసి, మరుసటి ఏడాది కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీకి వెళ్లాడు. అక్కడ గురువు లిటిల్‌వుడ్. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీకి ఈయన జోడీ. 1931లో డాక్టరేట్ చేతికొచ్చింది.

ఇండియాకు తిరిగొచ్చి ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో కొన్నాళ్లు, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. 1933లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణిత శాఖకు అధిపతిగా వచ్చారు. అప్పుడాయన వయసు 26 కూడా సరిగా నిండలేదు.

ఆ యూనివర్సిటీకి కూడా అప్పుడు పట్టుమని పదేళ్లు లేవు. 1926లో బెజవాడలో మొదలై 1930లో వాల్తేరుకు మారింది. వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయనే. 1931 నుంచి 1936 దాకా ఆ కుర్చీలో ఉండి, దేశం నలుమూలల నుంచి కుర్ర ప్రతిభను వాల్తేరుకు రప్పించారు. క్రోసూరు అప్పట్లో గుంటూరు జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేది. తెలుగు జిల్లాల కుర్రాళ్ల కోసమే పెట్టిన ఆ యూనివర్సిటీలో లెక్కల శాఖను ఓ లాహోర్ కుర్రాడి చేతిలో పెట్టారన్నమాట.

1934.. రామానుజన్ ఊహకు బ్రేక్

వాల్తేరు వచ్చిన ఏడాదిలోనే చావ్లా చేసిన ఓ పని గణిత లోకంలో చిన్న కుదుపు తెచ్చింది.

రామానుజన్ పేరు తెలియని వాళ్లుండరు. ఆయనకు ఇష్టమైన లెక్కల్లో ఒకటి పార్టిషన్స్. అంటే ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా విడగొట్టి కూడొచ్చు అని. 4ని తీసుకుంటే, 4గానే ఉంచొచ్చు, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5 రకాలు. సంఖ్య పెరిగేకొద్దీ ఈ లెక్క ఆకాశానికి ఎగబాకుతుంది.

200 దాకా వేసిన పట్టికను చూసి రామానుజన్ ఒక ఊహ చేశారు. అసలు ఊహ 5, 7, 11 మూడింటికీ సంబంధించినది కానీ మనకు 7 చాలు. ఒక సంఖ్యను 24తో గుణించి, 1 తీసేస్తే వచ్చేది 7తోనో, 49తోనో, 343తోనో భాగం పోతే, ఆ సంఖ్య పార్టిషన్ల లెక్క కూడా అలాగే భాగం పోతుందని. 1919లో ఈ ఊహ అచ్చయింది. మరుసటి ఏడాది 32 ఏళ్లకే రామానుజన్ కన్నుమూశారు. చూసినంత మేర అన్నీ సరిపోయాయి, అనుమానించే పని పడలేదు.

పంజాబ్‌లో హంసరాజ్ గుప్తా అనే గణితజ్ఞుడు ఉండేవారు. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. చేత్తో లెక్క కడుతూ ఆ పట్టికను 200 దాటించి 300 వైపు తీసుకెళ్లారు. ఆ పట్టిక వాల్తేరులో ఉన్న చావ్లా కంటపడింది. చావ్లా కన్ను ఒక్క చోట ఆగింది. అది 243 దగ్గర.

243ని 24తో గుణిస్తే 5832. 1 తీసేస్తే 5831. అది సరిగ్గా 343 ఇంటూ 17. కాబట్టి రామానుజన్ ఊహ ప్రకారం 243కి పార్టిషన్ల సంఖ్య 343తో భాగం పోవాలి. గుప్తా పట్టికలో ఆ సంఖ్య 13,39,78,25,93,44,888. దాన్ని 49తో భాగిస్తే పోతుంది. 343తో భాగిస్తే పోదు, 245 మిగులుతుంది. నమ్మకం లేకపోతే ఫోన్‌లోనే చేసి చూసుకోండి.

అంతే. ఒక్క భాగహారంతో రామానుజన్ ఊహ కూలింది. 1934లో లండన్ మ్యాథమెటికల్ సొసైటీ పత్రికలో చావ్లా నోట్ వచ్చింది, అదీ ఒక్క పేజీనే. ఊహ మొత్తం వ్యర్థం కాలేదు లెండి. 5 విషయంలో రామానుజన్ చెప్పింది చెప్పినట్టే నిలిచింది. 7 విషయంలో కాస్త సవరించి, 1938లో వాట్సన్ నిరూపించారు. 11 సంగతి 1967లో తేలింది. కానీ రామానుజన్ అన్నారంటే అయి తీరుతుందనే నమ్మకం మీద మొదటి దెబ్బ పడింది మాత్రం వాల్తేరు నుంచే. పైగా రామానుజన్ మీద భక్తి లేనివాడేం కాదు చావ్లా. జీవితమంతా ఆయన లెక్కల చుట్టూనే తిరిగారు.

41లో ఏముంది?

మళ్లీ మన ముగ్గు దగ్గరికొద్దాం. ఈసారి మధ్య గడిలో 1 కాకుండా 41 వేసి మొదలుపెట్టండి. అదే చుట్టుడు, 42 కుడికి, 43 పైకి. ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు వెళ్లే ఏటవాలు గీత చూడండి. మధ్యలో 41, అటూ ఇటూ 43, 47, 53, 61, 71, 83, 97.. అన్నీ ప్రధాన సంఖ్యలే. 1601 దాకా వరసగా 40 సంఖ్యలు, మధ్యలో ఒక్కటంటే ఒక్కటి కూడా తప్పదు. ఆ తర్వాతి సంఖ్య 1681. అది 41 ఇంటూ 41, అక్కడ తెగింది.

ఈ సంగతిని 18వ శతాబ్దంలోనే ఆయిలర్ గమనించాడు, ముగ్గు లేకుండానే. 1932లో అమెరికాలో లారెన్స్ క్లాబర్ అనే ఆయన ఇలాంటి సంఖ్యలను త్రికోణం ఆకారంలో పేర్చి చూపించాడు కూడా. ఆయన గణితం ప్రొఫెసర్ కాదు, గిలక పాముల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నవాడు!

41కే ఎందుకా మహిమ? సమాధానం 163 అనే సంఖ్యలో ఉంది. 4 ఇంటూ 41 లోంచి ఒకటి తీసేస్తే 163. ఇక్కడ ఒక్క నిమిషం ఓపిక పట్టాలి.

మామూలు సంఖ్యల్లో 6 అంటే 2 ఇంటూ 3. ప్రధాన సంఖ్యలుగా విడగొట్టడానికి ఇంకో దారి లేదు. కానీ సంఖ్యల్లోకి 10 వర్గమూలాన్ని కూడా రానిచ్చామనుకోండి. 4కి √10 కలిపి ఒక సంఖ్య, 4లోంచి √10 తీసేసి ఇంకో సంఖ్య. రెంటినీ గుణిస్తే 16 మైనస్ 10, అంటే 6. ఇప్పుడు 6కి రెండు రకాల విడగొట్టుడు వచ్చేసింది. చిన్నప్పటి నుంచి నమ్మిన నియమం చెడింది. ఎంత చెడిందో కొలిచే అంకెను క్లాస్ నంబర్ అంటారు. అది 1 అయితే నియమం చెక్కుచెదరలేదని అర్థం. √10 లోకంలో అది 2.

మైనస్ 163 వర్గమూలాన్ని రానిచ్చిన లోకంలో క్లాస్ నంబర్ 1. ఇంటర్‌లో కాంప్లెక్స్ నంబర్లు చదివినవాళ్లకు మైనస్ వర్గమూలం కొత్తేం కాదు. ఆ 1 వల్లనే 41 గీత మీద 40 ప్రధాన సంఖ్యలు తెగకుండా వచ్చాయి. అంటే ముగ్గులో గీత కళ్లకు కట్టిన భ్రమ కాదు, లోపల ఒక కారణం ఉంది.

ఇలాంటి మైనస్ సంఖ్యలు తొమ్మిదే ఉన్నాయని, 163తో ఆఖరని 19వ శతాబ్దం మొదట్లోనే గాస్ అనుమానం. 130 ఏళ్లు గడిచినా ఎవరూ తేల్చలేకపోయారు. సరిగ్గా 1934లో హాన్స్ హైల్‌బ్రాన్ అనే యువకుడు దాన్ని కదిపాడు. యూదుడు కావడంతో అంతకు ముందు ఏడాదే హిట్లర్ జర్మనీ వదిలి ఇంగ్లండ్ చేరినవాడు. తొమ్మిది కాక మహా అయితే ఇంకొక్కటి ఉండొచ్చు, అంతకు మించి ఉండవని లిన్‌ఫుట్‌తో కలిసి చూపించాడు. ఆ ఒక్కటీ కూడా లేదని 1960ల్లో గానీ తేలలేదు.

ఆ దారిని అదే ఏడాది ఇంకో మెట్టు పైకి తీసుకెళ్లినవారు చావ్లా. ఆయిలర్ పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను పట్టుకోవడానికి సాధనంగా వాడుకున్న 65 సంఖ్యలున్నాయి, 1తో మొదలై 1848తో ఆఖరయ్యేవి. ఈ జాబితాకు అసలు అంతు ఉందా లేదా? ఉంది, అలాంటి సంఖ్యలు లెక్కలేనన్ని ఉండవు అని చావ్లా నిరూపించారు. ఆక్స్‌ఫర్డ్ గణిత పత్రికలో నాలుగు పేజీల వ్యాసం. 66వది ఒకటి ఎక్కడైనా దాగి ఉందా అన్నది మాత్రం ఈ రోజుకీ తేలలేదు.

గోటింగెన్ నుంచి తరిమేస్తే వచ్చినవాడు ఇంగ్లండ్‌లో ఒక మెట్టు ఎక్కితే, బంగాళాఖాతం ఒడ్డున కూర్చున్న పాతికేళ్ల పైబడ్డ కుర్రాడు తర్వాతి మెట్టు ఎక్కాడు. మన యూనివర్సిటీ చరిత్రలో ఇది ఇంకాస్త గట్టిగా చెప్పుకోవాల్సిన ముచ్చట అని మాత్రం అనిపిస్తుంది.

లాహోర్.. చేజారిన ఊరు

1936లో చావ్లా వాల్తేరు వదిలి లాహోర్ వెళ్లిపోయారు. తండ్రి పని చేసిన గవర్నమెంట్ కాలేజీకే. (వాల్తేరులో ఆ తర్వాత కొన్నాళ్లకే గణితం చదవడానికి చేరిన ఓ కుర్రాడు స్టాటిస్టిక్స్‌లో ప్రపంచం మెచ్చిన సి.ఆర్.రావు. ఇద్దరూ అక్కడ కలిసుంటే ఎలా ఉండేదో!)

లాహోర్‌లో ఆయన దగ్గర చదివిన పిల్లల్లో ఒకడు అబ్దుస్ సలామ్. 1979లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న సలామే. రామానుజన్ ఇచ్చిన ఓ సమస్యను చావ్లా క్లాసులో విన్న ఆ కుర్రాడు, దానికి ఇంకా తేలికైన దారి కనిపెట్టి 1943లో వ్యాసం అచ్చేయించుకున్నాడు. పదిహేడేళ్ల వయసులో అదే అతని తొలి పరిశోధన వ్యాసం.

తర్వాత 1947. దేశం రెండు ముక్కలైంది. పదకొండేళ్లు పాఠాలు చెప్పిన ఊరు, చదువుకున్న ఊరు, తండ్రి ఊరు సరిహద్దుకు అవతల పడిపోయాయి. చావ్లా లాహోర్ వదిలేసి ఢిల్లీ వచ్చారు. 1948లో అమెరికా వెళ్లి ప్రిన్స్‌టన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో చేరారు. ఐన్‌స్టీన్ అప్పుడు అక్కడే ఉన్నారు. ఒకప్పుడు హైల్‌బ్రాన్‌కు ఎదురైనట్టే ఇప్పుడు చావ్లాకూ అదే గతి అనుకోవచ్చు, ఇల్లు పోయాక మిగిలింది లెక్కలే.

అక్కడ నార్వే గణితజ్ఞుడు సెల్‌బర్గ్‌తో కలిసి కనుక్కున్న సూత్రం ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే నడుస్తోంది. 1949 నుంచి కాన్సస్, 1952 నుంచి బౌల్డర్‌లోని కొలరాడో యూనివర్సిటీ, 1963 నుంచి పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ. 1976లో రిటైరయ్యారు. రాసిన వ్యాసాలు మూడు వందల పైమాటే. మన ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. కూతురు పరోమిత కూడా గణితజ్ఞురాలే, తండ్రితో కలిసి వ్యాసాలు రాశారు.

ఓ చిత్రం చూడండి. చావ్లా బౌల్డర్ వదిలింది 1963లో. ఉలామ్ ముగ్గు వేసింది 1963లోనే. ఆ తర్వాత కొన్నేళ్లకు అదే బౌల్డర్ గణిత శాఖకు ఉలామ్ అధిపతిగా వచ్చాడు. ముగ్గు వేసినవాడూ, ముగ్గులో సంఖ్యల గుట్టు వెతికినవాడూ ఒకే డిపార్ట్‌మెంట్‌లో పనిచేశారు, కానీ ఒకరు వెళ్లాక ఒకరు.

677 దగ్గర ఆగిపోతుందా?

ఇప్పుడు 1తో మొదలైన మన మొదటి ముగ్గులో ఎడమ పై మూలకు పోయే గీత చూడండి. 1, 5, 17, 37, 65, 101.. ఏదైనా సంఖ్యను వర్గం చేసి, 4తో గుణించి, 1 కలిపితే ఈ గీత మీది సంఖ్య వస్తుంది. ఈ గీత చావ్లా చివరి రోజుల పెద్ద ప్రశ్న. ముగ్గు కోసం కాదు, క్లాస్ నంబర్ కోసం.

5, 17, 37, 101, 197, 677. ఈ ఆరింటి వర్గమూలాలతో కట్టిన లోకాల్లో క్లాస్ నంబర్ 1, నియమం చెడలేదు. అదే గీత మీద ఉన్న 257 ప్రధాన సంఖ్యే అయినా దాని క్లాస్ నంబర్ 3. 401కి 5, 577కి 7. 677 దాటాక ఈ గీత మీద క్లాస్ నంబర్ 1 ఇక రానే రాదని 1976లో చావ్లా, తన శిష్యుడు జాన్ ఫ్రీడ్‌లాండర్‌తో కలిసి ఊహించారు.

677 వెనక ఉన్నది 13. 13 వర్గం 169, దాన్ని నాలుగింతలు చేసి 1 కలిపితే 677. ఇప్పుడు ఆ 169 నుంచి 2, 6, 12, 20, 30 అలా ఒక్కోటీ తీసేస్తూ రండి. 167, 163, 157, 149, 139, 127, 113, 97, 79, 59, 37, 13. పన్నెండూ ప్రధాన సంఖ్యలే! 677 క్లాస్ నంబర్ 1 కావడానికీ, ఈ వరస తెగకపోవడానికీ లంకె ఉందని తర్వాతి వాళ్లు నిరూపించారు. 41 దగ్గర చూసిన మాయే ఇది, ఇంకో రూపంలో.

ఒకప్పుడు రామానుజన్ ఊహను 243 దగ్గర పట్టుకుని పడగొట్టిన మనిషి, ఇప్పుడు తానే ఒక ఊహ చేసి కూర్చున్నారు. ఎక్కడో దూరాన, ఏ పదిహేను అంకెల సంఖ్య దగ్గరో ఇదీ కూలుతుందేమో ఎవరికి తెలుసు? అలాంటిది జరగనిదేం కాదు. 1952లో ఆంకెనీ, ఆర్టిన్‌లతో కలిసి చావ్లా లేవనెత్తిన ఇంకో ప్రశ్న ఉంది. ఫలానా రకం ప్రధాన సంఖ్య ఎప్పటికీ దొరకదని డెబ్బై ఏళ్లు అందరూ అనుకుంటూ వచ్చారు. కంప్యూటర్లు ఎంత గాలించినా దొరకలేదు. 2024లో దొరికింది. సరిగ్గా పదిహేను అంకెల సంఖ్య.

677 ఊహ మాత్రం కూలలేదు. హంగరీకి చెందిన ఆండ్రాష్ బిరో 2003లో దాన్ని పూర్తిగా నిరూపించారు. చూడ్డానికి చావ్లా లేరు. 1995 డిసెంబర్ 10న అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం లారమీలో, 88 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

ఆ గీత మీద క్లాస్ నంబర్ సంగతి తేలింది కానీ, ప్రధాన సంఖ్యల సంగతి ఇంకా తేలలేదు. 5, 17, 37, 101, 197, 257.. ఇలా ఎడమ పైకి పోతూ ఉంటే ప్రధాన సంఖ్యలు తగులుతూనే ఉంటాయా, ఎక్కడో ఒక చోట ఆగిపోతాయా? నోట్‌బుక్‌లో ముగ్గేసిన క్రోసూరు స్కూలు పిల్లాడు అడిగినా, ప్రిన్స్‌టన్ ప్రొఫెసర్ అడిగినా ఇవాళ జవాబు లేదు. దీనికి దగ్గరి చుట్టమైన ఒక ప్రశ్నను 1998లో ఇద్దరు ఛేదించారు. ఒక వర్గానికి ఇంకో సంఖ్య నాలుగో ఘాతాన్ని కలిపితే వచ్చే ప్రధాన సంఖ్యలకు అంతు లేదని నిరూపించారు. వాళ్లలో ఒకరు ఇవానియెక్. రెండోవారు చావ్లా శిష్యుడు, ఆ ఫ్రీడ్‌లాండరే.